కోరంగిలో ఒక పూట, గేటు బయట ఇరవై రోజులు

ఇది దేవరయాంజాల్‌లో మా అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. షామీర్‌పేట పక్కనున్న మా ఇల్లు ఇక్కడికి సైకిల్ మీద అరగంట దూరం. అయినా ఇంకా ఆరు రోజులు నేను ఆ గేటు దాటకూడదు. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో పడవ మీద తిరిగి వచ్చినందుకు మా బాపు నాకు శిక్ష వేశాడని అవ్వ వాడకట్టంతా చెప్పుకొస్తోంది. అది శిక్ష కాదని నాకు కోరంగి రేవులో తెలిసింది. అది చెప్పాలంటే ప్రయాణానికి ముందు నుంచీ మొదలుపెట్టాలి.

షామీర్‌పేట

మా బాపు కోళ్ళ షెడ్డు కౌలుకు తీసుకుని నడుపుతాడు. మూడు వేల గుడ్లకోళ్ళు. మేము ఉండే రెండు గదులు కూడా ఆ కంచె లోపలే. గేటు దగ్గర సిమెంటు తొట్టిలో గులాబీ రంగు మందునీళ్ళు ఉంటాయి. లోపలికి వచ్చేవాళ్ళు ఎవరైనా రెండు పాదాలూ అందులో ముంచి రావాలి. పుట్టినప్పటి నుంచీ ముంచుతున్నాను కాబట్టి నాకది గడప దాటడం లాంటిది.

నేను తూంకుంటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పిల్లల ముందు తప్ప ఎక్కడా నా గొంతు పైకి రాదు. బస్సులో చిల్లర అడగడానికి కూడా రెండు స్టాపులు ఆలోచిస్తాను. మాట్లాడనివన్నీ డైరీలో రాసుకుంటాను. షామీర్‌పేట చెరువు మీదికి ఏ నెలలో ఏ పిట్టలు వచ్చాయో నాలుగేళ్ళ లెక్క నా దగ్గర ఉంది. పేరు తెలియని పిట్టకు నేనే ఒక పేరు పెట్టుకుంటాను.

బడిలో ఒక పుస్తకాల బీరువా ఉంది. దాని తాళం నా దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఇంకెవరూ అడగరు. అందులో ఒక పాత పత్రికలో కోరంగి గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. ఉప్పునీళ్ళలో నిలబడి పెరిగే అడవి, దాని మధ్యలో పాయలు, పాయల్లో పడవ, ఒడ్డున నీటికుక్కలు. ఆ పేజీలను నేను ఎన్నిసార్లు చదివానో మా బడిలో సైన్సు చెప్పే జబీన్‌కు తెలుసు.

"అరే రజితా, చదివింది చాలు, పోదాం పా," అంది ఒక రోజు. "ఎండకాలంల నా షాదీ. గా తర్వాత నేను నిజామాబాద్ల, నువ్వు గీ బీరువాల."

వాళ్ళ అమ్మీ తోడు వస్తానంది. సముద్రం చూడాలని ఆమెకు నలభై ఏళ్ళ కోరికట. మా బాపును అడగడానికి నాకు వారం పట్టింది. అడిగాను. సరే అన్నాడు. నేను బాపును అడిగిన మొదటి కోరిక అదేనేమో.

ఆ మరుసటి వారమే, శివరాత్రికి ముందు, మహారాష్ట్రలో కోళ్ళకు జబ్బు తగిలిందని పేపర్లలో వచ్చింది. అది 2006.

తూంకుంట, టెలిఫోన్ బూత్

ఆ రోజుల్లో ఏ పేపరు చదివినా ఒక మాట మీద ఉండేది కాదు. వలస పక్షుల వల్ల వచ్చిందని ఒకటి, కాదని ఒకటి. పక్షులున్న చోట్లకు ఎవరినీ రానివ్వడం లేదని సోమవారం చదివితే, భయం లేదని బుధవారం చదివేదాన్ని. మా ఊళ్ళో గుడ్లు కొనేవాళ్ళు లేరు. బాపు రోజూ తెల్లవారగానే షెడ్డులో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తూ, ఒక్కో కోడి మెడ చూసేవాడు.

ఇంట్లో ఇలా ఉంటే నేను పడవ గురించి అడగడం పాపంలా అనిపించింది. అయినా బడి వదిలాక జబీన్ నన్ను బూత్‌కు లాక్కెళ్ళేది. కోరంగిలో పడవలు నడిపే ఆఫీసుకు ఫోన్ చేయాలి. రిసీవరు నా చేతిలో పెట్టేది, నేను తిరిగి ఆమె చేతిలో పెట్టేదాన్ని.

మొదటిసారి అవతలి గొంతు, "పడవలు ఆపేశామండి," అంది. రెండోసారి, "నడుపుతున్నామండి, పిట్టలు దిగే వైపు మాత్రం పోమండి," అంది. మూడోసారి, "పైనుంచి కాగితం రావాలండి, రేపు చెయ్యండి," అంది. నాలుగోసారి, "నిన్న చెప్పింది ఎవరండి?" అని మమ్మల్నే అడిగింది.

బూత్ ఆయన మీటరు వైపు చూపించాడు. "మేడం, గా పడవ తిరుగుతదో లేదో గని, నా మీటరు మాత్రం మస్తు తిరుగుతాంది."

అయిదోసారి నడుపుతున్నామన్నారు. రైలు టికెట్లు అప్పటికే మూడుసార్లు తీయడం, మానుకోవడం అయింది. ఈసారి తీసేశాం. ఆ సాయంత్రం బాపు గేటు దగ్గర గొళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పోయేది ఖాయమేనా?"

"అవును బాపు."

"అయితే గిప్పుడే అవ్వ కాడికి పో. పోయే ముందు ఏడు రోజులు, అచ్చినంక పది రోజులు గీ గేటు లోపలికి రావద్దు. గీ చెప్పులు గూడ వద్దు. ఈడనే ఇడువు."

వచ్చాక పది రోజులంటే అర్థం ఉంది. అడవి పక్షుల దగ్గర తిరిగివచ్చిన మనిషి కోళ్ళలోకి రాకూడదు. పోయే ముందు ఏడు రోజులు ఎందుకు? అడగడానికి నోరు రాలేదు. అమ్మ నా బట్టల సంచి కంచె మీదుగా అందించింది. నేను వట్టి కాళ్ళతో రోడ్డెక్కాను.

దేవరయాంజాల్

అవ్వ ఇంట్లో ఆ ఏడు రోజులూ అలిగి ఉన్నాను. నన్ను పంపడం బాపుకు ఇష్టం లేదు, కాదనలేక ఇలా వెళ్ళగొట్టాడు అని డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు చూస్తే సిగ్గుగా ఉంది. చింపలేదు.

అవ్వ నా పక్షమే. "మా అల్లునికి కోళ్ళే బిడ్డలు. కన్న బిడ్డను బయటకు నూకిండు," అనేది. అయినా నాతో మేడ్చల్ సంతకు వచ్చి, గీచి బేరమాడి, అరవై రూపాయలకు కొత్త చెప్పులు కొనిపెట్టింది. "సముద్రంల గిట్ల పారేసుకోకు. అరవై రూపాలు," అని బయలుదేరే దాకా రోజూ గుర్తుచేసింది.

కాకినాడ

రైల్లో అమ్మీ డబ్బా విప్పింది. రొట్టెలు, ఖట్టా బైంగన్ అనే పుల్లటి వంకాయ కూర, మటన్ కోఫ్తాలు. ఎదుటి సీటులో ఇద్దరు కాకినాడ ఆడవాళ్ళు మాకు కాజాలు పెట్టారు. అమ్మీ ఒకటి కొరకగానే పాకం కారి బురఖా మీద పడింది. "గిది మిఠాయా, నల్లానా?" అని ఆమె అడిగితే పెట్టె అంతా నవ్వింది. తర్వాత ఇంకో మూడు తిన్నది.

దిగే ముందు జబీన్ నా చెవిలో ఒక మాట చెప్పింది. "రేవుల అడిగితే టీచర్లం అని చెప్పు. కోళ్ళ ముచ్చట ఎత్తకు. పరేషాన్ చేస్తరు."

టీచర్లమనే మాట అబద్ధం కాదు కదా అనుకున్నాను. తలూపాను.

కాకినాడలో వీధులు గీత గీసినట్టు ఉన్నాయి. మనిషిని పలకరిస్తే ప్రతి మాట చివరా 'అండి' వస్తుంది. రిక్షా ఆయన నన్ను 'మీరు' అంటే వెనక ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూశాను. మా దగ్గర ప్రేమ ఎక్కువైతే 'నువ్వు' అంటాం. ఇక్కడ కోపంలో కూడా 'మీరు' తగ్గదు. ఇద్దరు ఆటోవాళ్ళు గొడవపడుతుంటే చూశాను. "మీకు బుద్ధుందాండి?" అన్నాడు ఒకాయన.

టిఫిన్ హోటల్లో పెసరట్టు ఉప్మా పది రూపాయలు. పెసరట్టులో ఉప్మా ఎందుకు దాచారని అమ్మీ వడ్డించేవాణ్ణి అడిగింది. తిన్నాక మాత్రం మళ్ళీ అడగలేదు. అల్లం పచ్చడి తియ్యగా ఉంది. ఇక్కడ కారంలో కూడా బెల్లం ఉంటుంది, మా దగ్గర బెల్లం ఉండాల్సిన చోట కూడా చింతపండే.

గల్లా పెట్టె పైన అట్టముక్క మీద రాసి ఉంది: కోడి, గుడ్డు వండబడవు. ఆ అట్ట చూశాక నాకు చట్నీ రుచి తెలియలేదు. మా షెడ్డులో ట్రేల కొద్దీ పేరుకున్న గుడ్లు, వాటి పక్కన బాపు కళ్ళ ముందుకు వచ్చారు.

కోరంగి రేవు

తెల్లవారాక ఆటోలో వెళ్ళాం. రేవు అంటే చెక్క మెట్లు, బురద వాసన, ఒక రేకుల కప్పు. పడవ నడిపే సత్తిబాబు, ఆయన భార్య నూకరత్నం అప్పుడే వచ్చారు. రేకుల కింద బల్ల మీద ఒక అధికారి రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. మెడలో ముక్కుగుడ్డ వేలాడుతోంది. మా కంటే ముందు వచ్చిన ఒక కుటుంబాన్ని ఏదో అడిగి వెనక్కి పంపేశాడు.

జబీన్ ముందు నడిచింది, అమ్మీ తర్వాత, నేను చివర. మెట్ల దగ్గర వెడల్పాటి సిమెంటు రంగు తొట్టి ఉంది. అందులో నీళ్ళు. నేను చూసుకోలేదు, ఆలోచించలేదు. కుడి కాలు ముంచాను, ఎడమ కాలు ముంచాను, మూడు లెక్కపెట్టి బయటకు తీశాను. తొట్టిలో ఏదో గిలగిలా కొట్టుకుంది.

"అమ్మాయిగోరూ," అంది నూకరత్నం, గొంతులో ఏ తొందరా లేకుండా, "మా రొయ్యల్ని తొక్కేత్తన్నారండి."

బతికున్న రొయ్యలు. ఆమె వాటిని కాకినాడ పంపడానికి పెట్టుకుంది. ఒకటి నా కొత్త చెప్పు పట్టీలో ఇరుక్కుని ఉంది. సత్తిబాబు వంగి దాన్ని తీసి నీళ్ళలో వేశాడు. "ఏం పర్లేదండి. కూరలో కొత్త చెప్పుల రుచి కూడా తగుల్తాది."

అందరూ నవ్వుతుండగా బల్ల దగ్గరి అధికారి నవ్వలేదు. నా కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"ఎందుకు ముంచారమ్మా?"

నేను వంగి చెప్పుల్లోని నీళ్ళు విదిలించాను.

"మూడు లెక్కపెట్టారు. నేను చూశాను. కోళ్ళ ఫారాల గేటు దగ్గర తప్ప ఇంకెక్కడా అలా ముంచరు. మీకు ఫారం ఉందా?"

జబీన్ ముందుకొచ్చింది. "మేము టీచర్లం సార్."

ఆయన నా మొహమే చూస్తున్నాడు. ఇంత దూరం వచ్చి, ఇన్ని ఫోన్లు చేసి, ఒక తొట్టి దగ్గర అంతా పోయింది అనుకున్నాను. వెనక్కి పోవడమే మిగిలితే, అబద్ధం మోసుకుని ఎందుకు పోవాలి అనిపించింది.

"ఉంది సార్. షామీర్‌పేటలో. మా బాపు నడుపుతాడు. మేము ఉండేది కూడా ఆ కంచె లోపలే. మూడు వేల కోళ్ళు," అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. "చూడమ్మా, ఆ వెళ్ళిపోయినవాళ్ళదీ ఫారమే. మొన్నటిదాకా షెడ్డులో ఉన్నారు. మీ ఊళ్ళో జబ్బు లేకపోవచ్చు. ఉంటే, మీ కాళ్ళతో ఇక్కడి పక్షుల్లోకి వస్తుంది. మీరు షెడ్డులోకి వెళ్ళి ఎన్ని రోజులైంది?"

"తొమ్మిది రోజులు సార్."

"తొమ్మిదా? ఇల్లు అక్కడే అన్నారుగా?"

"బయలుదేరే ముందు ఏడు రోజులు మా బాపు నన్ను గేటు లోపలికి రానివ్వలేదు సార్. అవ్వ ఇంట్లో ఉంచాడు. చెప్పులు కూడా అక్కడే విడిచిపెట్టమన్నాడు. ఇవి కొత్తవి."

ఆ మాటలు చెబుతూ ఉండగానే నాకు అర్థమైంది. ఆ ఏడు రోజులు మా కోళ్ళ కోసం కాదు. తను ఎన్నడూ చూడని, చూస్తాడో లేదో తెలియని ఈ ఉప్పునీటి పిట్టల కోసం. వాటిని చూడాలని ఆశపడిన నా కోసం.

"మీ నాన్నగారు ఏం చదివారమ్మా?"

"నాలుగో తరగతి సార్."

ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు. వృత్తి అన్న చోట టీచరు అని రాసి, దాని పక్కనే కోళ్ళ ఫారం అని కూడా రాశాను. ఆయన కింద సంతకం పెట్టాడు. "పక్షులు దిగే మెరక వైపు ఎవరికీ అనుమతి లేదు. దూరం నుంచే చూడండి. సత్తిబాబూ, పోటు తగ్గకముందే తీసుకెళ్ళు."

అమ్మీ రెండు చేతులూ పైకెత్తింది. "యా అల్లా. రొయ్యలు బతికించినయ్," అంది.

పాయలో

పాయలోకి మలుపు తిరగగానే సత్తిబాబు ఇంజను ఆపి గెడ వేశాడు. అంత నిశ్శబ్దం నేను పుస్తకాల బీరువా దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. రెండు వైపులా మడచెట్లు. వాటి వేళ్ళు బురదలోంచి పైకి, వేల పెన్సిళ్ళు నాటినట్టు మొలిచి ఉన్నాయి. ఊపిరి పీల్చుకోవడానికట. బురద మీద వేలెడు చేపలు రెక్కల మీద పాకుతున్నాయి. చేప నడవడమేమిటని అమ్మీ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తెల్ల తలతో, ఇటుక రంగు రెక్కలతో గరుడపక్షి ఒకటి మా మీదుగా పోయింది. లకుముకి పిట్టలు మా చెరువు దగ్గరివే, ఇక్కడ మాత్రం ఇంకా నీలంగా ఉన్నట్టు తోచాయి.

"ఇక్కడ చెట్టు కొట్టరా?" అని అడిగాను. నేనే అడిగాను. జబీన్ నా వైపు చూసింది.

"కొట్టేవోళ్ళండి," అన్నాడు సత్తిబాబు. "పెద్ద తుపాను వచ్చినపుడు మడ ఉన్న ఊళ్ళు నిలబడ్డాయండి, మడ కొట్టేసుకున్న ఊళ్ళు నిలబడలేదు. మా నాన్న అప్పుడు గొడ్డలి ఏట్లో ఇసిరేశాడండి. ఇంక పట్టుకోలేదు."

మా బాపు గురించి ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పాను. గేటు, తొట్టి, ఏడు రోజులు, నా అలక. ఇంజను లేదు కాబట్టి గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు. ఆయన గెడ ఆపి విన్నాడు. "మీ నాన్నగోరు మా ఊళ్ళో పుట్టాల్సినోరండి," అన్నాడు.

దూరంగా మెరక మీద పిట్టలు కనపడ్డాయి. దగ్గరికి పోలేదు. తెల్లగా, సున్నం చల్లినట్టు ఉన్నాయి. పేర్లు రాసుకోవడం నావల్ల కాలేదు.

నీటికుక్కల కోసం రెండు గంటలు చూశాం. కనపడలేదు. పోటు తీయడం మొదలైంది. సత్తిబాబు పడవ తిప్పాడు. జబీన్ నా భుజం తట్టి, "పత్రికల ఉన్నయి కద, మల్ల చదువుకో," అని వెక్కిరించింది. అప్పుడే ఎడమ ఒడ్డున బురద కదిలింది. ఒక నున్నటి తల, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అయిదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి బురదలో జారుతూ నీళ్ళలో పడ్డాయి, మళ్ళీ ఎక్కాయి. చిన్నది జారడానికి భయపడి పైనే నిలబడింది. తల్లి కాబోలు, వెనక్కి వచ్చి ముక్కుతో నెట్టింది. అది జారింది.

జబీన్ నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. పడవ మలుపు తిరిగేదాకా చూశాం.

రేవులో నూకరత్నం మాకు రొయ్యల వేపుడు, అన్నం పెట్టింది. మనిషికి ముప్పై రూపాయలు. "ఇవి మీరు తొక్కినవి కాదండి," అని ముందే చెప్పింది.

మళ్ళీ షామీర్‌పేట, కంచె ఇవతల

తిరిగి వచ్చి నాలుగు రోజులైంది. నిన్న సాయంత్రం ఉండబట్టక సైకిల్ మీద మా ఫారం దాకా పోయాను. రోడ్డు ఇవతలే ఆగాను. బాపు షెడ్డు బయట దాణా బస్తాలు దించుతున్నాడు. నన్ను చూసి కంచె వైపు నాలుగు అడుగులు వేసి ఆగాడు. మా ఇద్దరి మధ్య రోడ్డు, కంచె, ఇరవై గజాల ఖాళీ జాగా. షెడ్డులో మూడు వేల కోళ్ళు గుడ్లగంపలు ఎత్తినప్పుడు చేసే గోల చేస్తున్నాయి.

"ఎట్లయింది?" అన్నాడు.

చెప్పాను.

"ఇనవడ్తలే. గట్టిగ చెప్పు."

నేను గొంతు పెంచాను. ఇంకా వినపడలేదన్నాడు. అప్పుడు అరిచి చెప్పాను. రేవు, రొయ్యల తొట్టి, అధికారి అడిగింది, ఏడు రోజుల సంగతి చెప్పగానే ఆయన సంతకం పెట్టింది. రోడ్డు మీద పోయే సైకిళ్ళు ఆగాయి. పక్క షెడ్డు పనివాళ్ళు గోడెక్కి చూశారు. నేను ఆపలేదు. నడిచే చేపలు, ఊపిరి పీల్చే వేళ్ళు, అయిదు నీటికుక్కలు, వాటిలో భయపడ్డ చిన్నది. నా జీవితంలో అంత గట్టిగా, అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

బాపు చేతులు కట్టుకుని అంతా విన్నాడు. రొయ్యల తొట్టి దగ్గర ఒకసారి మొహం అటు తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు.

"గా పిట్టలు మంచిగున్నయా?" అని అడిగాడు చివరికి.

"మంచిగున్నయ్ బాపు. దూరం నుంచే చూసినం."

కాసేపు షెడ్డు వైపు చూశాడు.

"మనయి గూడ మంచిగున్నయ్," అన్నాడు. బస్తా భుజానికెత్తుకుని రెండు అడుగులు వేసి, మళ్ళీ తిరిగాడు. "రేపు గిదే యాళ్ళకు రా బిడ్డా. మీ అమ్మ ఇనలే. ఇట్లనే గట్టిగ చెప్పు."